భారుండ పక్షి, సీసపు ఇంధనము

విమానమనగానే మన జనసామాన్యమునకు రెండు రూపములు స్ఫురించును. ఒకటి వందలాది ప్రయాణికులను మోసికొనిపోవు కంపెనీ విమానము. రెండవది కోటీశ్వరులకును మంత్రులకును మాత్రమే అందుబాటులోనుండు జెట్టు విమానము. ఈ రెంటికిని నడుమ మూడవ తెగ యొకటి కలదు. నలుగురో ఆరుగురో కూర్చుండుటకు చాలునది, రెండు పెట్రోలు ఇంజనులు కలది, యజమానియే చోదకుడైనది. అమెరికాలో ఇట్టి విమానము పాత మోటారుకారువలె చేతులు మారుచుండును. అక్కడి చిన్న విమానాశ్రయములలో నేడు నిలిచియున్న ఈ తెగ విమానములలో పెక్కు 1960, 1970 దశకములలో పుట్టినవే. ఒక్కరికి దాని పోషణ భారమగుటచే ఇద్దరు మిత్రులు కూడి కొనుట అక్కడ చిరకాలాచారము.

2024 మే 16వ తేదీన అమెరికాలో అమలులోనికి వచ్చిన విమానయాన శాసనము ఈ మిత్రులను ఒక చిక్కులో పెట్టినది. సీసము కలిసిన విమాన పెట్రోలును ఇదివరకు అమ్ముచున్న విమానాశ్రయములు 2030 ఆఖరువరకో, లేక దానికి మారుగా అనుమతిపొందిన సీసరహిత ఇంధనము అచ్చట దొరకునంతవరకో, ఏది ముందు వచ్చిన అంతవరకు అమ్మకము మానరాదని ఆ శాసనము చెప్పుచున్నది. మానరాదనుటలోనే గడువును ఉన్నది. అలాస్కాకు మాత్రము మరి రెండేండ్లు హెచ్చు. కాలిఫోర్నియా రాష్ట్రము అదే యేడు సెప్టెంబరులో తన శాసనమును తాను చేసికొని 2031 మొదలు ఆ అమ్మకమును నిషేధించినది. ఐరోపా సమాఖ్యలో 2025 మే 1వ తేదీ మొదలు ఆ సీసపు రసాయనమును ప్రత్యేకానుమతి లేనిదే వాడరాదు. ఇన్నాళ్లును పాత విమానమునకు పాత పెట్రోలు పోసికొని ఆదివారపు ఉదయములలో ఎగురుచున్నవారు ఇక అయిదేండ్లలో ఏదో ఒకటి తేల్చుకొనవలసియున్నది.

ఇది కొలదిమంది వేడుకకు సంబంధించిన చిల్లర విషయమని తోచవచ్చును. అట్లు కాదు. ఆ విమానము ఎగురు ఆకాశము క్రింద ఇండ్లున్నవి, ఆ ఇండ్లలో పసిపిల్లలున్నారు. వారి సంగతి తరువాత వచ్చును. ముందు ఆ విమానమేమో, ఆ కూటమి ఏమో తెలియవలెను.

పంచతంత్రములో భారుండమను పక్షి కథ కలదు. దానికి కడుపు ఒక్కటి, తలలు రెండు. ఒక తలకు అమృతఫలము దొరకగా రెండవదానికి రుచియైనను చూపక తానే తినెను. రెండవది అలిగి, దారిలో కనబడిన విషఫలమును పట్టుదలగా మ్రింగెను. కడుపు ఒక్కటే కనుక రెండును చచ్చెను. ఉమ్మడి విమానమునకు ఇంతకన్న చక్కని ఉపమానము దొరకుట కష్టము. ఇద్దరు ఎవరి పనిపై వారు, ఎవరి వేళకు వారు దానిని తీసికొనిపోవుదురు. ఒక్కరు చేసినది దాని కడుపులో నిలిచియుండును. రెండవవాడు వచ్చి తలుపు తీయువేళకు ఆ ఫలితము అతనికొరకు కాచికొనియుండును.

వంతులవారీగా విమానము నడుపుట విమానముతోపాటే పుట్టినది. 1903 డిసెంబరు 14వ తేదీన కిట్టీహాక్ ఇసుకదిబ్బలపై రైటు సోదరులు ముందెవరు ఎగురవలెనని నాణెమెగురవేసిరి. విల్బరు గెలిచి, పైకిలేచి, క్షణములలో ఇసుకలో దిగబడెను. విరిగినది బాగుచేసికొని 17వ తేదీన ఆర్విల్ తన వంతున ఎగిరెను. చరిత్రలో నిలిచిన ప్రథమ విమానయానము అదియే. నాణెము గెలిచినవానికి కాక ఓడినవానికి ఆ కీర్తి దక్కినది. ఇద్దరును ఒకేమారు ఎగురరాదని తండ్రి వారివద్ద మాట తీసికొని, 1910 మే 25వ తేదీన ఒక్కమారు మాత్రము అనుమతించెను. ఆ ముసలి పాదరీ ఆలోచన సామాన్యమైనది కాదు. ఇద్దరుండుటవలని లాభము ఇద్దరును ఒకే ఆపదలో ఒక్కమారే చిక్కుకొననంతవరకే అని ఆయన గ్రహించెను. రెండింజనుల విషయమునను ఈ సూత్రమే మాటిమాటికి ఎదురగును.

రెండు ఇంజనులెందుకు? ఒకటి ఆగినను రెండవది ఇల్లు చేర్చునని సామాన్యుని సమాధానము. రాత్రివేళ, కొండలమీద, నీటిమీద పోవునపుడు ఆ ధైర్యము నిజమైనదే. కాని పైకిలేచుచున్న తొలి నిమిషములలో ఈ నమ్మకము చోదకుని ముంచగలదు. విమానము సమతలముగా ఎగురుటకే కొంత శక్తి ఖర్చగును. ఎక్కుటకు పనికివచ్చునది అందుకు పైన మిగిలిన శక్తి మాత్రమే. ఒక ఇంజను ఆగినపుడు మొత్తము శక్తిలో సగము పోవును గాని, మిగులులో సగము కాదు, నూటికి ఎనుబది పాళ్లో అంతకు మించియో పోవును. జీతములో సగము తగ్గిన గృహస్థునకు ఇంటి అద్దె సగము తగ్గనట్లే ఇదియును. శిక్షణకు మిక్కిలిగా వాడబడు పైపర్ సెమినోల్ విమానము రెండింజనులతో నిమిషమునకు వేయి అడుగులకు పైగా ఎక్కును. ఒక్కదానితో సముద్రమట్టమున రెండువందల అడుగులకు అటునిటుగా ఎక్కును. ఎండ ముదిరిన పగటివేళ, ఎత్తైన ప్రదేశమున, ఆ రెండువందలును ఉండకపోవచ్చును. అమెరికా పాత నిబంధనల ప్రకారము 6,000 పౌనులలోపు బరువుండి, తక్కువ వేగముననే దిగగల చిన్న విమానము ఒక్క ఇంజనుతో ఎక్కితీరవలెనను నియమమే లేదు. కొనువారిలో ఈ సంగతి ముందుగా ఎరిగినవారెందరో!

అంతటితో తీరలేదు. ఒక రెక్కమీది ఇంజను ఆగినపుడు రెండవది విమానమును ఆగిన వైపునకు త్రిప్పుచుండును. తోకచుక్కానితో ఆ త్రిప్పును అడ్డుకొనవలెను. చుక్కానికి బలము గాలివేగమువలన వచ్చును. వేగము ఒక హద్దునకు దిగినచో చుక్కాని చాలదు, విమానము వెల్లకిల పడును. అందుచే వేగమానికపై రెండు గీతలుండును. ఎర్రగీత, దానిక్రింద అదుపు తప్పునని హెచ్చరిక. నీలిగీత, ఒక్క ఇంజనుతో మిక్కిలి వడిగా ఎక్కుటకు తగిన వేగము. పైకి లేచిన కొలది క్షణములలో ఏ ఇంజను ఆగినదో కనిపెట్టి, దాని ప్రొపెల్లరు ఆకులను గాలికి అడ్డుపడకుండ త్రిప్పి, చక్రములు మడిచి, సూచిక నీలిగీతపై నిలుపవలెను. తొందరలో పనిచేయుచున్న ఇంజనునే ఆపివేసిన చోదకులును కలరు. ఒక ఇంజను ఆగినచో రెండవది ప్రమాదస్థలమువరకు చేర్చునని చోదకులలో ఒక ఎకసక్కెము వాడుకలో ఉన్నది. హాస్యమే గాని అందులో శిక్షణ లేనివాని జాతకము మొత్తము ఇమిడియున్నది.

ఈ ఒరుగుడు బాధ లేకుండ ఒక ఇంజను ముక్కునను ఇంకొకటి వీపునను అమర్చి సెస్నా కంపెనీ 1960 దశకమున స్కైమాస్టరు అను విమానమును తెచ్చినది. ఆలోచన దివ్యముగానే ఉన్నది. కాని వెనుక ఇంజను చోదకునికి కనబడదు. అది ఆగిన సంగతి ఎరుగక ముందు ఇంజనుతోనే పరుగెత్తించి లేవబోయి ప్రమాదములు తెచ్చుకొన్నవారుండుటచే, ఒక్క ఇంజనుతో లేవబోవలదని విమానములోనే పలక అంటించవలసివచ్చెను. 1954లో వచ్చిన పైపర్ అపాచీలో చక్రములను మడుచు ద్రవపీడన పంపు ఎడమ ఇంజనుకే తగిలించబడియున్నది. ఆ విమానమున ఎడమ ఇంజను ఆగుటయే ఎక్కువ చిక్కు. అనగా ఏది ఆగినచో చక్రములు త్వరగా మడువవలెనో, దానితోపాటే మడుచు సాధనమును ఆగును. అప్పుడు చోదకుడు ఒకచేత విమానమును పట్టుకొని మరొకచేత పంపు కొట్టుకొనవలెను.

వీనికన్న ఎక్కువ చెప్పవలసినది 2007 మార్చిలో జర్మనీలోని స్పయరు పట్టణమున జరిగినది. డైమండ్ డిఎ42 అనునది నవీనమైన విమానము. రెండును డీజిలు ఇంజనులు, వాని పనియంతయు విద్యుత్ యంత్రముల అదుపులో ఉండును. బ్యాటరీ చచ్చియుండగా బయటి విద్యుత్తుతో ఇంజనులు నడిపించి లేచిరి. చక్రములు మడుచుటకు మీట వేయగానే ఆ మోటారు విద్యుత్తును లాగుకొన్నది, ఒక్కక్షణము ఒత్తిడి పడిపోయినది. రెండింజనుల అదుపు యంత్రములును ఆ క్షణముననే స్తంభించినవి, రెండు ప్రొపెల్లర్లును ఆగినవి. ఇంజనులు రెండు, రెక్కలు రెండు, కాని ప్రాణనాడి ఒక్కటి. తయారుచేసినవారు ఆ లోపమును తరువాత సవరించిరి. ఐనను రెండున్నవి గదా అని నిశ్చింతగా కూర్చుండువారికి ఆ రెంటి వేళ్లు ఎంతలోతున కలిసియున్నవో ఈ ఒక్క ఘటన తెలిపినది.

ఇక ఇద్దరు యజమానుల సంగతి. వారిలో ఒకరు దంతవైద్యుడు, ఒకరు ఇండ్లు కట్టించు గుత్తేదారు అనుకొందము. విమానము కొన్న ధర అసలు ఖర్చు కాదు. షెడ్డు అద్దె, బీమా, ఏటేటా తప్పని తనిఖీ - ఇవి ఎగిరినను ఎగురకున్నను కట్టవలసినవి. ఎగిరినపుడు గంటకు విమానమునుబట్టి 70 మొదలు 120 లీటర్లవరకు పెట్రోలు కావలెను. 1,700 మొదలు 2,000 గంటలు నడచిన ఇంజనును విప్పి పూర్తిగా పునర్నిర్మించవలెనని తయారీదారులు చెప్పుదురు. ఆ ఖర్చు ఇంజనులు రెండు కావుననే రెండింతలు. కొన్ని పాత విమానములకు రెండింజనులను ఒకేమారు పునర్నిర్మించుకొను ఖర్చు విమానపు ధరతో పోటీపడును. ఇందుచే ఉమ్మడి పుట్టినది. స్థిరమైన ఖర్చు చెరిసగము, ఎగిరిన గంటల ఖర్చు ఎవరిది వారిది.

ఉమ్మడివలన డబ్బుకన్న మిన్నయైన లాభము ఇంకొకటి కలదు. మూలనున్న ఇంజను తుప్పుపట్టును. లైకోమింగ్ ఇంజనులలో క్యాముదండము పైభాగముననుండుటచే నెలల తరబడి కదలనిచో దానిపైనున్న చమురు జారిపోయి ఇనుము గాలికి అప్పగింపబడును. ఒక్క యజమాని పనుల ఒత్తిడిలో రెండునెలలు రాకున్న విమానము చెడును. రెండవవాడున్నచో అది కదలుచుండును. ఇద్దరి వాడకములో ఇంజను ఆరోగ్యముగా ఉండుననుట ఉత్త మాట కాదు.

కాని చోదకుని విద్య ఇంజను వంటిది కాదు. ఇంజను మిత్రుని చేత నడచినను బ్రతుకును; చోదకుని చేయి తాను నడిపిననే బ్రతుకును. ప్రయాణికులను ఎక్కించుకొనవలెనన్న గడచిన 90 దినములలో ఆ తరగతి విమానమున మూడుమార్లు లేచి మూడుమార్లు దిగియుండవలెనని అమెరికా నిబంధన. ఆ మూడింటితో ఇంజను ఆగినపుడు చేయవలసినది చేతికి రాదు. అందుకే బీమా కంపెనీలు రెండింజనులవారిని ఏటేటా శిక్షకుని వద్దకు పొమ్మని పట్టుబట్టుచుండును. దీనిని దోపిడి అని విసుగుకొను యజమానులున్నారు. వారి విసుగు న్యాయము కాదు.

మిత్రుల మధ్య తగవులు డబ్బువద్ద పుట్టునని లోకము తలచును. ఈ విమానములవద్ద ఎక్కువగా చెప్పని మాటవద్ద పుట్టును. శనివారమునాడు దిగునపుడు కుడి ఇంజను చమురుపీడనము రవ్వంత తగ్గినట్లు వైద్యునికి తోచెను. మరల బాగైనది, అతడు మరచెను. బుధవారమునాడు గుత్తేదారు భార్యాబిడ్డలతో బయలుదేరెను. ఒక్క యజమానియున్నచో అతని మనస్సులోనే ఆ అనుమానము నిలిచియుండెడిది. ఇద్దరైనపుడు విమానపు ఆనుపానులు చెరిసగము పంచుకొనబడి, ఎవరివద్దను పూర్తిగా లేకపోవును. అనుభవశాలులు విమానములోనే ఒక పుస్తకముంచుదురు. దిగినవాడు తలుపు మూయకముందే వ్రాయవలెను: ఎన్ని గంటలు, ఎంత పెట్రోలు, ఎంత చమురు, ఏది వింతగా తోచినది. ఏమియు తోచనిచో ఏమియు లేదని వ్రాయవలెను. ఒట్టి పుటకన్న ఆ రెండుమాటలు విలువైనవి.

స్నేహమున్నదిగదా అని కాగితము లేకుండ మొదలుపెట్టినవారు తరువాత చింతించుట సామాన్యము. ఒకడు ఊరు మారినచో వాని భాగమునకు వెల ఎవరు కట్టుదురు? ఒకడు మరణించినచో, విమానమన్న గిట్టని అతని భార్యతోనో, ఎగురనేరని కుమారునితోనో రెండవవాడు భాగస్వామియై యుండవలెనా? ఒకనికి వైద్యపరీక్షలో ఎగురుట కూడదని తేలినచో షెడ్డు అద్దె సగము ఇచ్చుచుండవలెనా? ఈ ప్రశ్నలు న్యాయవాది వ్రాయుకొలది స్నేహమునకు అవమానముగా తోచును. వ్రాసికొనని ఇండ్లలో అన్నదమ్ముల పొలముగట్ల తగవులు చూచిన మన పల్లెలవారికి దీనిని విప్పిచెప్పనక్కరలేదు.

ఈ ఒడంబడికలలో వ్రాసికొనుటకు ఇన్నాళ్లు ఎవరికిని తోచని సంగతి ఒకటి ఇపుడు వచ్చిపడినది. అది ఇంధనము.

పెట్రోలు ఇంజనులో ఇంధనము వేళకు మండవలెను. ఎక్కువ బలము కొరకు గాలిని గట్టిగా అదిమిన ఇంజనులలో అది వేళకుముందే భళ్లున మండి ముషలకములను బ్రద్దలు చేయగలదు. ఇట్లు జరుగకుండ 1921లో థామస్ మిడ్‌గ్లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పెట్రోలులో టెట్రా ఎథిల్ సీసమును రవ్వంత కలుపు విధానము కనిపెట్టెను. సీసము విషమని రోమకులనాటినుండి ఎరిగినదే. 1924లో న్యూజెర్సీలోని ఒక కర్మాగారమున ఆ ద్రవమును తయారుచేయుచున్న కార్మికులకు మతిచెడి, ఐదుగురు మరణించిరి. ఐనను వాడుక ఆగలేదు. 1940లో బ్రిటను ఆకాశమును కాపాడిన స్పిట్‌ఫైరు విమానములకు ఆ సీసపు నూరు ఆక్టేను పెట్రోలే అదనపు బలమిచ్చినదను సంగతి దాని కీర్తిని పెంచినది. మోటారుకార్లకు అమెరికాలో 1996లోను, మన దేశమున 2000లోను సీసపు పెట్రోలు ఆగినది. ప్రపంచమున కట్టకడపట 2021లో అల్జీరియా ఆపినది. చిన్న విమానములు మాత్రము మిగిలినవి. వాని ఇంధనమునకు తక్కువ సీసము కల నూరు అని పేరు. ఆ తక్కువ అనుమాట దానికి ముందు వచ్చినవానితో పోల్చినపుడే నిజము. లీటరునకు అర గ్రాముకు పైగా సీసము అందుండవచ్చును. నీలిరంగు కలుపుటచే చోదకుడు గాజుగొట్టమున పట్టి చూచి ఇదియే అని గుర్తించును.

అమెరికాలో సుమారు 1,90,000 పెట్రోలు ఇంజను విమానములున్నవి. కార్లు మానిన తరువాత గాలిలోనికి చేరు సీసములో నూటికి 70 పాళ్లవరకు వీనివలననే అని ఆ దేశపు పర్యావరణ సంస్థ లెక్క. అది ప్రజారోగ్యమునకు అపాయకరమని ఆ సంస్థ 2023 అక్టోబరులో అధికారపూర్వకముగా నిర్ణయించెను. అంతకు ముందే, 2021లో, కాలిఫోర్నియాలోని సాన్‌హోసే నగరమున రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయము చుట్టునున్న పిల్లల రక్తపరీక్షల లెక్కలను ఆ జిల్లావారు పరిశీలింపజేసిరి. అరమైలు లోపల నివసించు పిల్లల రక్తమున దూరముననున్నవారికన్న సీసము హెచ్చుగా ఉన్నట్లు తేలెను. 2022 జనవరి మొదలు అక్కడ సీసపు పెట్రోలు అమ్మకము మానిరి. పసివాని మెదడునకు ఇంతవరకు సీసము హానిలేదను హద్దు వైద్యులకు ఇంతవరకు దొరకలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు విమానము కొన్నవారు కారు, ఏ ఒడంబడికమీదను సంతకము చేసినవారు కారు. ఉమ్మడి విమానములో ఇద్దరే భాగస్వాములని పుస్తకములలో ఉన్నను, నష్టములో భాగము పొందుచున్న మూడవవారు వీరు.

మరి ఇన్నేండ్లు ఎందుకు మార్చలేకపోయిరి? ఇక్కడ మన రెండింజనుల మిత్రులు కథలోనికి మరల వత్తురు. చిన్న విమానములలో నూటికి డెబ్బదింటికి నూరు ఆక్టేను అక్కరలేదు. తక్కువ ఆక్టేనుగల సీసరహిత పెట్రోలుతో అవి ఎగురగలవు. మిగిలిన ముప్పది పాళ్లు గట్టి ఇంజనులు కలవి, దూరము తిరుగునవి, బరువు మోయునవి. అమ్ముడగు పెట్రోలులో డెబ్బదిపాళ్లు అవియే త్రాగుచున్నవి. రెండేసి కాంటినెంటల్ ఇంజనులుగల బీచ్‌క్రాఫ్ట్ బారను వంటివి ఈ ముప్పదిలోనివి. అనగా కొలదిమంది యంత్రములకొరకు అందరును విషమును మోయుచున్నారు. తొలినాటి అపాచీ తక్కువ ఒత్తిడి ఇంజనులతో సీసము లేకయే ఎగురగలదు. కాని ఒక్క ఇంజనుతో ఎక్కలేని అపకీర్తియు దానిదే. సీసము అక్కరలేని విమానము బలహీనము, బలమైనది సీసమునకు బానిస.

మార్గములు లేకపోలేదు. ఓక్లహోమా రాష్ట్రములోని ఒక చిన్న కంపెనీ పదియేండ్లకు పైగా శ్రమించి చేసిన జి100యుఎల్ అను నూరు ఆక్టేను సీసరహిత ఇంధనమునకు 2022 సెప్టెంబరులో పెట్రోలు ఇంజను విమానములన్నింటికిని అనుమతి లభించినది. 2024 ఆఖరున కాలిఫోర్నియాలో అమ్మకము మొదలైనది. వెంటనే కొందరు యజమానులు రెక్కల రంగు లేచిపోవుచున్నదనియు, ట్యాంకు అతుకులు ఊరి కారుచున్నవనియు మొరపెట్టుకొనిరి. తప్పు తమ ఇంధనమునది కాదు, పాతబడిన రంగులది, అతుకులది అని తయారుచేసినవారు చెప్పిరి. ఈ వివాదములో ఎవరి పక్షము వహించినను తొందరపాటే. స్విఫ్టు అను మరియొక కంపెనీ తన నూరు ఆక్టేను ఇంధనమునకు 2024లో కొలది రకముల విమానములకు అనుమతి పొందినది. అంతకుముందు 2023లో ఉత్తర డకోటా విశ్వవిద్యాలయము తన శిక్షణ విమానములను ఆ కంపెనీయే అమ్ము తొంబదినాలుగు ఆక్టేను సీసరహిత పెట్రోలునకు మార్చి, కొలది నెలలలో ఇంజను కవాటముల పీఠములు అరుగుచున్నట్లు కనిపెట్టి, మరల సీసపుదానికే పోయెను. సీసము మంటను ఆపుటయే గాక, కవాటములకు కాటుకవలె మెత్తని పూతయై వానిని కాపాడుచున్నదని పాత మెకానిక్కులు చెప్పుమాట అప్పుడు చాలమందికి జ్ఞప్తికి వచ్చెను.

వచ్చిన చిక్కు మరియొకటి. 2025 నాటికి ఈ క్రొత్త ఇంధనములు రెండును సీసపు పెట్రోలుతో కలియుటకు అనుమతి గలవే. తమలో తాము కలియుటకు మాత్రము అనుమతి లేదు. ఇప్పుడు వైద్యుడు ఒక ఊరిలో ఒకదానిని పోయించుకొని వచ్చి షెడ్డులో పెట్టెననుకొందము. గుత్తేదారు మరియొక ఊరిలో రెండవదానిని పోయించుకొనును. రెండు నోళ్లు, ఒక్క ట్యాంకు. పంచతంత్రకర్త ఈనాడుండి ఈ కథ వ్రాసినను ఇంతకన్న వేరుగా వ్రాయడు. పైగా క్రొత్త ఇంధనము వాడదలచినవాడు ఇంజనునకును విమానశరీరమునకును తగిన అనుమతిపత్రములు కొనవలెను. ఆ ఖర్చునకు ఒకడు సరేయని, రెండవవాడు 2030 వరకు ఆగుదమన్నచో ఆ మిత్రుల తగవు తీర్చు పెద్దమనుషులెవరు?

డీజిలు మార్గము వేరు. డిఎ42 వంటి విమానము జెట్టులు వాడు కిరసనాయిలు జాతి ఇంధనముతోనే ఎగురును. సీసము మాటే లేదు, గంటకు ఖర్చగునదియు తక్కువ. కాని దాని ఇంజనులు చేసిన జర్మను కంపెనీ 2008 ఏప్రిలులో దివాలా తీసినది. పూచీపత్రముల విలువ పడిపోయి, విడిభాగములు ప్రియమై, ఎందరి విమానములో నేలపాలైనవి. ఆస్ట్రియాలోని విమాన కంపెనీ తానే వేరొక ఇంజను కంపెనీని పెట్టుకొని 2009లో క్రొత్త ఇంజను తెచ్చి నిలదొక్కుకొన్నది. క్రొత్తదానిని నమ్మినవారికి ఏమైనదో చూచిన పాతవిమానముల యజమానులు క్రొత్త ఇంధనమును చూచి జంకుట పిరికితనమని కొట్టివేయుటకు వీలులేదు.

మనకును ఇందు పని కలదు. కంపెనీ విమానములలో ఉద్యోగమాశించు తెలుగు యువకులు బేగంపేటలోనో, ఉత్తరాదిలోనో, లేక అమెరికా, న్యూజిలాండు శిక్షణాలయములలోనో 200 గంటలు ఎగిరి చోదకపత్రము తెచ్చుకొనుచున్నారు. ఆ గంటలలో కొన్ని ఇట్టి చిన్న రెండింజనుల విమానముపై గడచును; నీలిగీత, ఎర్రగీత పాఠములు అక్కడ నేర్చినవే రేపు వందలమంది ప్రాణములకు అక్కరకు వచ్చును. మన దేశము అంతవరకు దిగుమతి చేసికొనుచుండిన ఈ సీసపు పెట్రోలును ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదర శుద్ధికర్మాగారమున తయారుచేసి 2022 సెప్టెంబరులో విడుదల చేసినది. 2023 జనవరిలో పాపువా న్యూగినీకి ఎగుమతియు చేసినది. దిగుమతి తప్పుట మేలే. అది ఏ సంవత్సరమున జరిగినదో మాత్రము గమనింపవలసియున్నది. అమెరికా గడువు శాసనమునకు రెండేండ్లు కూడ లేవు. దశాబ్దముల తరబడి శిక్షణ విమానములు తిరిగిన బేగంపేట చుట్టు నేడు ఇండ్లు లేని దిక్కు లేదు. సాన్‌హోసేలో పిల్లల రక్తమును పరీక్షించిరి కనుక అక్కడి మాట లెక్కకు వచ్చినది. మన శిక్షణాలయముల చుట్టునున్న పిల్లలకును అట్టి పరీక్ష జరుపుట పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

అమెరికా మిత్రులవద్దకు మరల వచ్చినచో, శాసనము వారికి ఇచ్చిన కాలము తక్కువేమియు కాదు. ట్యాంకు అతుకులు ఈయేటి తనిఖీలోనే విప్పి చూపించుకొనవచ్చును; అరువదియేండ్లనాటి రబ్బరు ఏ ఇంధనమునకైనను మార్చవలసినదే. పునర్నిర్మాణమునకు దగ్గరపడిన ఇంజనులుగలవారు కవాటపీఠములు దేనితో చేయబడుచున్నవో మెకానిక్కును ముందుగా అడుగవచ్చును. తమ విమానము సీసము లేకయే ఎగురగల డెబ్బదిలోనిదైనచో ఆగవలసిన పనియే లేదు. ముప్పదిలోనిదైనచో ఏ ఊరిలో ఏ ఇంధనము దొరకునో ఇద్దరును కూర్చుండి ఒకటి ఎన్నుకొని, దాని పేరు పెద్ద అక్షరములతో ట్యాంకు మూతవద్ద వ్రాయించి, రెండవది దొరకు ఊరిలో పోయించుకొనక తప్పనిచో ముందుగా ఒకరికొకరు టెలిఫోను చేసికొనవలెనని షెడ్డులోనున్న ఆ పుస్తకము మొదటి పుటలోనే వ్రాసికొనవలసియున్నది.